గడచిన యేట మనము చేసిన మంచి తీర్మానము ఏది?

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 8:1–6, లూకా 12:13–21, 1 కొరింథీయులకు 4:1–5



సంవత్సరము గడచిపోవు వేళ లెక్కలు చూచుకొనుట మన పల్లెలలో అందరికిని అలవాటే. రైతు తాను పెట్టిన పెట్టుబడి యెంత, చేతికి వచ్చిన రాబడి యెంత అని వ్రేళ్ళమీద లెక్కించుకొనును. పొదుపు సంఘములోని స్త్రీలు తమ పుస్తకములోని అంకెలు సరిచూచుకొందురు. సంఘపు కోశాధికారి కానుకల జమాఖర్చు చదివి వినిపించును. అయితే డిసెంబరు 31వ తేదీ రాత్రి ప్రార్థన మందిరములో కూర్చుండి, క్రొత్త యేటి గంట కొరకు కనిపెట్టుచున్నప్పుడు, మన మనస్సాక్షి మనలను వేరొక లెక్క అడుగును. ఈ పండ్రెండు నెలలలో మనము ఎన్నియో తీర్మానములు చేసితిమి. పిల్లకు సంబంధము ఖాయము చేసితిమి. అప్పు తెచ్చితిమి, లేక తేకుండ ఓర్చుకొంటిమి. ఒకరితో మాటలు మానితిమి, మరియొకరితో మరల కలిసితిమి. వీటన్నిటిలో మంచి తీర్మానము ఏది? ఏ కొలతను బట్టి దానిని మంచిదనుచున్నాము?

ఈ ప్రశ్న వినుటకు సులభముగా నున్నది గాని, జవాబు చెప్పుటకు కూర్చున్నయెడల కష్టము తెలియును. మనలో అనేకులము వెంటనే ఇచ్చు జవాబు ఒక్కటే: ఏది కలిసివచ్చినదో అదియే మంచి తీర్మానము. మిరప వేసితిమి, ధర పలికినది, గనుక మంచి తీర్మానము. పత్తి వేసితిమి, వాన చెడగొట్టినది, గనుక చెడ్డ తీర్మానము. ఈ జవాబు సరియైనదా యని మొదట పరీక్షింతము.

ప్రక్కప్రక్క పొలములుగల ఇద్దరు రైతులు ఉన్నారనుకొందము. ఇద్దరును కష్టపడువారే. ఇద్దరును ఒకే నెలలో పెద్దలను అడిగి, భార్యతో ఆలోచించి, తీర్చగలిగినంత అప్పు మాత్రమే తెచ్చి, బోరు వేయించిరి. ఒకని బోరులో రెండువందల అడుగులకే నీళ్ళు పడినవి. రెండవవాని బోరులో నాలుగువందల అడుగులు పోయినను దుమ్మే పైకి వచ్చినది. ఊరివారేమందురు? మొదటివాడు తెలివిగలవాడనియు, రెండవవాడు తొందరపడెననియు చెప్పుకొందురు. కాని ఆ ఇద్దరు చేసిన తీర్మానము ఒక్కటే. వారి జాగ్రత్త ఒక్కటే, వారి ఉద్దేశ్యమును ఒక్కటే. భేదమంతయు భూమి అడుగున, బండరాతి నెరియలలో ఉన్నది. ఆ నెరియలను వారిలో ఎవరును చూడలేదు. అట్లైన, కంటికి కనబడని రాతి పగులును బట్టి ఒకనిని బుద్ధిమంతుడనియు మరియొకనిని అవివేకి యనియు తీర్పు తీర్చుట న్యాయమా? నీళ్ళు పడినవాడు దేవునికి కృతజ్ఞతలు చెప్పవలసినదే. నీళ్ళు పడనివాడు బాధపడుట సహజమే. అయితే ఆ బాధకు తోడు నిందను కూడ అతని నెత్తిన పెట్టుటకు మనకు అధికారము లేదు.

పరిశుద్ధ గ్రంథము ఈ విషయమై మనకు స్పష్టమైన వెలుగు నిచ్చుచున్నది. ఆదికాండము 13వ అధ్యాయములో అబ్రాముకును లోతుకును కాపరుల తగవు వచ్చినప్పుడు, పెద్దవాడైన అబ్రాము తాను ముందు కోరుకొనక చిన్నవానికి ఎంచుకొను హక్కు నిచ్చెను. లోతు యొర్దాను ప్రాంతము నీటి వసతిగలదని చూచి దానిని కోరుకొనెను. ఆ యేడాది చివర లోతును పిలిచి, నీ మంచి తీర్మానము ఏదని అడిగినయెడల, ఇదిగో ఈ పచ్చిక, ఈ నీరు, పెరిగిన ఈ మందలు అని చూపియుండును. అబ్రామును అడిగినయెడల చూపుటకు అతనికి కొండ ప్రాంతమే ఉండెను. కాని మేలైన నేలను విడిచిపెట్టినవాడు సమాధానమును కాపాడుకొనెను. మేలైన నేలను పట్టుకొనినవాడు సొదొమ పొరుగున గుడారము వేసికొనెను.

యోసేపును చూడుడి. ఐగుప్తులో యజమానుని యింట శోధన వచ్చినప్పుడు అతడు పాపము చేయనొల్లక పారిపోయెను. దాని ఫలితమేమి? చెరసాల. ఆ సంవత్సరపు చివరి రాత్రి ఆ చెరసాలలో ఎవరైన అతనిని, ఈ యేట నీవు చేసిన తీర్మానము నిన్ను ఎక్కడికి తెచ్చినదో చూచితివా యని ఎగతాళి చేసియున్నయెడల, అతడు చూపుటకు సంకెళ్ళు తప్ప మరేమియు లేవు. అయినను యోసేపు జీవితములో అంతకంటె మంచి తీర్మానము ఏదని మనము అడుగవచ్చును.

లూకా 12వ అధ్యాయములో మన ప్రభువు చెప్పిన ధనవంతుని కథ మరింత గంభీరమైనది. ఏలయనగా ఆ మనుష్యుడు మనవలెనే పంట కాలము చివర కూర్చుండి లెక్క చూచుకొని తీర్మానము చేసినవాడు. అతడు దొంగిలించెనని ప్రభువు చెప్పలేదు. కూలివారిని మోసగించెనని చెప్పలేదు. భూమి బాగుగా పండినది, చోటు చాలలేదు, పాత కొట్లు విప్పి పెద్దవి కట్టవలెనని నిశ్చయించుకొనెను. మన గ్రామములో ఎవరైన ఇట్లు చేసినయెడల ముందుచూపు గలవాడని మెచ్చుకొందుము. కాని దేవుడు అతనిని వెఱ్ఱివాడని పిలిచెను. ఎందుకు? అతని ఆలోచనసభలో అతడు ఒక్కడే కూర్చున్నాడు. అడిగినవాడు అతడే, జవాబు చెప్పినవాడు అతడే. పంట నిచ్చిన దేవునికి ఆ సభలో చోటు లేదు. పొలములో వంగి కోసిన కూలివానికిని చోటు లేదు. ఆ రాత్రియే తన ప్రాణము అడుగబడునన్న తలంపునకు అసలే చోటు లేదు.

గనుక ఫలితమును మాత్రమే చూచి తీర్మానమును మంచిదనుట సరికాదని తేటపడుచున్నది. అయితే ఇక్కడ ఒకరు అడుగవచ్చును: చెట్టు దాని ఫలమును బట్టి తెలియబడునని ప్రభువే బోధించెను గదా? అది న్యాయమైన ప్రశ్న. మనము చేయు పొరపాటు ఏమనగా, ఫలమును లాభమును ఒక్కటిగా ఎంచుట. లాభము సంచిలో పడునది. ఫలము మనుష్యునిలో పండునది. గలతీయులకు వ్రాసిన పత్రికలో అపొస్తలుడు ఆత్మ ఫలమును లెక్కించినప్పుడు ప్రేమ, సంతోషము, సమాధానము మొదలైనవి చెప్పెను గాని ధాన్యమును, ధనమును చెప్పలేదు. ఒక తీర్మానము మనకు నష్టము తెచ్చియు మనలో దీర్ఘశాంతమును పండింపవచ్చును. మరియొకటి లాభము తెచ్చియు మనలను కఠినులనుగా చేయవచ్చును. బోరు ఎండిపోయినవాడు ఆ కష్టములో ప్రక్కవాని నీటిని చూచి అసూయపడక, నీళ్ళు పడినవాడు ఎండుచున్న ప్రక్క చేనికి రెండు తడులు ఇచ్చినయెడల, ఆ రెండు పొలములలోను ఫలము పండినట్లే.

మరియొకరు వేరుగా అడుగవచ్చును: ఫలితముతో పని లేనప్పుడు, మంచి మనస్సుతో ఏమి చేసినను మంచిదేనా? కాదని న్యాయాధిపతుల గ్రంథము 11వ అధ్యాయము చెప్పుచున్నది. యెఫ్తా దేవునికొరకే మ్రొక్కుకొనెను. అతని ఆసక్తి గొప్పది. కాని ఆలోచింపక పలికిన ఆ మ్రొక్కుబడి భారము అతనిమీద కాక అతని ఒక్కగానొక్క కుమార్తెమీద పడెను. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కించుకొనవలెనని యేసుప్రభువు నేర్పెను. ఇంటిలోని స్త్రీని అడుగకుండ ఆమె మెడలోని బంగారమును తాకట్టు పెట్టి, ఇదంతయు కుటుంబము కొరకే గదా అని చెప్పువాడు యెఫ్తా మార్గమున నడచుచున్నాడు. మంచి ఉద్దేశ్యము జాగ్రత్తకు బదులు కాదు. చేతనైనంత ఆలోచించుట కూడ ప్రేమలో ఒక భాగమే.

అట్లైన గడచిన యేటి తీర్మానములను దేనితో తూచవలెను? మూడు ప్రశ్నలు మనకు సహాయము చేయునని తలంచుచున్నాము.

మొదటి ప్రశ్న: అది ఎవరి యెదుట చేసితిమి? దానియేలు బబులోనులో రాజు భోజనము విషయమై తన హృదయములో నిశ్చయించుకొనినప్పుడు అతనికి తల్లిదండ్రులు దగ్గర లేరు, యెరూషలేము పెద్దలు దగ్గర లేరు. తినినయెడల తప్పు పట్టువారు ఎవరును లేరు. అయినను దేవుడు ఆ బల్లయొద్ద ఉన్నాడని అతడు ఎరిగియుండెను. మన గ్రామములలో ఎన్నికలకు ముందటి రాత్రి తలుపు తట్టి కవరు అందించువారు వత్తురు. తీసికొనినను ఎవరికిని తెలియదు. అందరును తీసికొనుచున్నారను మాటయు సిద్ధముగా నుండును. అట్టి రాత్రి, వద్దు నాయనా, అని తలుపు వేసికొనిన పేద విధవరాలు ఎవరైన ఉన్నయెడల, ఆమె తీర్మానము ఏ పత్రికలోను పడదు. కాని అది దేవుని యెదుట చేయబడినది.

రెండవ ప్రశ్న: అది ఎవరి కొరకు చేసితిమి, దాని భారము ఎవరిమీద పడినది? రూతు తన అత్తను విడువక వెంబడించినప్పుడు ఆ తీర్మానములో ఆమెకు కనబడిన లాభమేమియు లేదు. ముసలిదైన నయోమికి ఒక తోడు దొరికినది, అంతే. కట్నమును నిషేధించు చట్టము 1961లోనే వచ్చినది. అయినను క్రైస్తవ కుటుంబములలో సహితము సంబంధము మాటలాడునప్పుడు కట్నపు మాట వేరు వేరు పేర్లతో వచ్చుచునే యున్నది. కొడుకుకు కట్నము బాగుగా వచ్చినదని సంతోషించిన యింటిలో, ఆ సొమ్ము కొరకు పొలము అమ్ముకొనిన తండ్రి కన్నీళ్ళు కూడ లెక్కలో వ్రాయవలెను. ఒక తల్లి బీడీలు చుట్టి, ఒక తండ్రి కూలికి పోయి, కూతురు చదువు మానకుండ మరియొక యేడు కళాశాలకు పంపినయెడల, ఆ తీర్మానపు భారమును ఎవరు మోసిరి? చేసినవారే మోసిరి. ఇతరులమీద మోపిన భారముకంటె, ఇతరుల కొరకు మనము మోసిన భారము దేవుని త్రాసులో నిలుచును.

మూడవ ప్రశ్న: అందులో ఎంతవరకు నిలిచితిమి? 15వ కీర్తన దేవుని గుడారములో నివసింపదగినవాని గుణములను చెప్పుచు, మాట యిచ్చిన తరువాత నష్టము వచ్చినను మాట తప్పనివానిని అందులో చేర్చుచున్నది. తీర్మానము చేయుట ఒక గడియ పని. దానిలో నిలుచుట మూడువందల అరువదియైదు దినముల పని. పొలము గట్టు విషయమై యేండ్ల తరబడి మాటలాడని అన్నదమ్ములలో ఒకడు, క్రీస్తుకొరకు సమాధానపడెదనని నిశ్చయించుకొని తమ్ముని యింటికి వెళ్ళెననుకొందము. ఆ దినము తమ్ముడు తలుపు తీయకపోవచ్చును. రెండవ సారి వెళ్ళినప్పుడు ఎగతాళి చేయవచ్చును. మూడవ సారి వెళ్ళుట తీర్మానమునకు పరీక్ష. త్రాగుడు మానినవానికి మానిన దినము గొప్పది కాదు. కూలి డబ్బులు చేతిలో పడి, పాత స్నేహితులు దారిలో కనబడిన మొదటి శనివారము సాయంకాలము గొప్పది.

ఈ మూడు ప్రశ్నలకును మన తెలుగు సంఘముల చరిత్రయే ఒక చక్కని సాక్ష్యము నిచ్చుచున్నది. 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీన, తెల్లవారుజామున, నెల్లూరులో సేవచేయుచుండిన లైమన్ జ్యూయెట్ దొరగారును, ఆయన భార్యయు, ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండమీదికి ఎక్కి, ఈ ప్రాంతమునకు ఒక సేవకుని పంపుమని దేవునికి మొఱ్ఱపెట్టిరి. ఆ కాలమున ఈ మిషనులో విశ్వాసుల సంఖ్య అతి స్వల్పము. దీనిని మూసివేయుదమా అను మాట అమెరికాలోని బాప్తిస్టు మిషను పెద్దలలో 1853లో వచ్చెను. మరల 1862లోను వచ్చెను. జ్యూయెట్ దొరగారు మాత్రము తెలుగువారిని విడువనొల్లలేదు.

ఇప్పుడు ఆలోచించుడి. 1854 డిసెంబరు 31వ తేదీన ఆ ఐదుగురిని, మీరు ఈ యేట చేసిన తీర్మానము వలన ఏమి జరిగినదని అడిగినయెడల వారేమి చెప్పియుందురు? ఒంగోలులో ఏమియు జరుగలేదు. మరుసటి సంవత్సరమును అంతే. జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండుటకు వచ్చినది 1866లో. అనగా పండ్రెండు సంవత్సరముల చివరి రాత్రులు ఆ ప్రార్థనకు జవాబు కనబడకయే గడచెను.

1866లోనే మరియొక తీర్మానము చేయవలసి వచ్చెను. ఒంగోలు బడికి పై కులములవారి పిల్లలు వచ్చుచుండిరి. ఆ కాలముననే యెర్రగుంట్ల పేరయ్యగారివంటి మాదిగ సహోదరులు క్రీస్తును నమ్మి వచ్చిరి. వీరిని చేర్చుకొనినయెడల మా పిల్లలను పంపమని పై కులములవారు తెలియజేసిరి. ఆ దినము క్లౌ దొరగారును ఆయన భార్యయు వేరువేరుగా బైబిలు తెరువగా, ఇద్దరికిని 1 కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయములో 26 మొదలు 29 వరకుగల వచనములే కనబడెనని చెప్పుదురు. లోకము నీచులని యెంచినవారిని దేవుడు ఏర్పరచుకొనునని అపొస్తలుడు వ్రాసిన భాగమది. వారు పేదలను త్రోసివేయమని నిశ్చయించుకొనిరి. బడి ఖాళీయాయెను. ఆ యేటి లెక్కలో అది నష్టమే.

మరియు నమ్మినవారు చేసిన తీర్మానమును మరువరాదు. విగ్రహములకు మ్రొక్కకూడదనియు, చచ్చిన పశువుల మాంసము తినకూడదనియు, ఆదివారమున పని చేయకూడదనియు వారికి బోధింపబడెను. గ్రామపు పెద్దల దయమీద బ్రదుకువారికి ఇవి చిన్న మాటలు కావు. ఈ నియమములకు లోబడినందున అనేకులు తమ గ్రామములలో బాధలు పడిరి. వారిలో ఎక్కువమంది పేర్లు ఏ పుస్తకములోను లేవు. నేడు మనలో కొందరము మందిరములో కూర్చుండుట ఆ పేరులేని ముత్తాతల, ముత్తవ్వల తీర్మానము వలననే.

1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చినప్పుడు క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా త్రవ్వకపు పనిని కంట్రాక్టుకు తీసికొని ఆకలిగొన్నవారికి పని చూపెను. అప్పుడు అనేకులు బాప్తిస్మము కోరి వచ్చిరి. సంఖ్య చూపి గొప్పలు చెప్పుకొనుటకు అదియే సమయము. కాని అన్నము కొరకు వచ్చిరన్న నింద సువార్తకు రాకూడదని ఆయన ఏడాదికి పైగా ఎవరికిని బాప్తిస్మ మియ్యలేదు. సహాయపు పని ముగిసిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ సంఖ్య మన సంఘములలో తరచుగా చెప్పబడును. అయితే జాగ్రత్తగా నుందము. చూడుడి, ఇంతమంది వచ్చిరి గనుక ఆ తీర్మానములు మంచివి అని చెప్పినయెడల, మనము మరల బోరుబావి లెక్కకే వచ్చినవారమగుదుము. ఒక్కరును రాకపోయినను కొండమీది ప్రార్థన మంచిదే. బడి మరల నిండకపోయినను పేదలను చేర్చుకొనుట మంచిదే. కరవు తీరిన తరువాత అందరును వెళ్ళిపోయినను ఆకలిని ఎరగా వాడుకొనకుండుట మంచిదే. విత్తువానికి ఒక కాలము, కోయువానికి ఒక కాలము. కోతను చూడక చనిపోయిన విత్తువానిని దేవుడు తక్కువవానిగా ఎంచడు.

ఇంకను ఒక అపాయమును గూర్చి చెప్పవలసియున్నది. మన మంచి తీర్మానములను మనమే ఎంచుకొన మొదలుపెట్టినప్పుడు, లూకా 18వ అధ్యాయములోని పరిసయ్యుడు మెల్లగా వచ్చి మన ప్రక్కన కూర్చుండును. అతడు చెప్పినవన్నియు నిజములే. ఉపవాసము నిజము, పదియవ భాగము నిజము. కాని అతని జాబితా దేవుని మెచ్చుకొనుటకు కాక, తన్ను తాను మెచ్చుకొనుటకును, దూరముగా నిలిచిన సుంకరిని తక్కువ చేయుటకును పనికివచ్చెను. అట్లని వెనుకకు చూడనే కూడదా? చూడవలెను. దేవుడు అరణ్యములో తమ్మును నడిపించిన మార్గమంతటిని జ్ఞాపకము చేసికొనుమని మోషే ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించెను. సమూయేలు రాయి నిలిపి దానికి ఎబెనెజరని పేరు పెట్టెను. అది సమూయేలు విగ్రహము కాదు, సహాయము చేసిన దేవుని గుర్తు. మన జ్ఞాపకములును ఆ రాతివలె ఉండవలెను.

అమెరికాలో జోనాతాన్ ఎడ్వర్డ్సు అను దైవసేవకుడు 1722, 1723 సంవత్సరములలో, ఇరువది యేండ్లు నిండకమునుపే, తన జీవితము కొరకు 70 తీర్మానములు వ్రాసికొనెను. వాటికి ముందుగా, దేవుని సహాయము లేక తాను ఏమియు చేయలేనని ఒప్పుకొని, ఈ తీర్మానములను వారమునకు ఒకసారి చదువుకొనవలెనని తనకు తానే గుర్తు వ్రాసికొనెను. ఇచ్ఛయించుటయు దాని ప్రకారము చేయుటయు మనలో కలుగజేయువాడు దేవుడేయని ఫిలిప్పీయుల పత్రిక బోధించుచున్నది. గనుక మనము చేసిన మంచి తీర్మానము మన ఆస్తి కాదు. మనకు ఇయ్యబడిన దానము. దానమును లెక్కించువాడు గర్వపడడు, వందనములు చెప్పును.

మరియు మన జాబితాయు దేవుని జాబితాయు ఒక్కటిగా ఉండునని తలంపరాదు. మత్తయి 25వ అధ్యాయములో నీతిమంతులు రాజుగారి మాట విని ఆశ్చర్యపడిరి. తాము ఎప్పుడు ఆయనకు అన్నము పెట్టితిమో, ఎప్పుడు నీళ్ళిచ్చితిమో వారికి తెలియదు. వారి మంచి తీర్మానములు వారి లెక్కలోనే లేవు. అట్లే మనము ఈ యేట గొప్పదని తలంచినది దేవుని పుస్తకములో చిన్న అక్షరములతో ఉండవచ్చును. మనము మరచిపోయినది, అనగా మధ్యాహ్నపు ఎండలో వచ్చిన ముసలివానికి చెంబెడు మజ్జిగ ఇచ్చుట, కోపముతో నోటివరకు వచ్చిన మాటను మ్రింగుట, మంచముపట్టిన అత్తగారికి రాత్రి రెండవసారి లేచుట, ఇవి అక్కడ పెద్ద అక్షరములతో ఉండవచ్చును. అందుచేతనే పౌలు తన్ను తానే విమర్శించుకొనక, ప్రభువు వచ్చువరకు కాలమునకు ముందు తీర్పు తీర్చవద్దని కొరింథు సంఘమునకు వ్రాసెను.

ఇది చదువుచు కొందరు నిట్టూర్పు విడుతురని ఎరుగుదుము. అన్నిటిని తలచుకొనినను మంచిదని చెప్పదగినది ఒక్కటియు కనబడుట లేదని మీ హృదయము చెప్పుచున్నదా? తప్పిపోయిన కుమారుని సంవత్సరమును జ్ఞాపకము చేసికొనుడి. ఆస్తి అమ్ముట, దూరదేశమునకు పోవుట, దుర్వ్యాపారము, చివరకు పందుల మేత. పన్నెండు నెలలును చెడ్డ లెక్కయే. కాని ఆ సంవత్సరపు చివరలో, పందుల మధ్య నిలిచి, తండ్రి యింటికి తిరిగి పోవలెనని అతడు నిశ్చయించుకొనెను. ఆ ఒక్క తీర్మానము కొరకు తండ్రి పరుగెత్తి వచ్చెను. సిలువమీది దొంగకు సంవత్సరము కాదు, దినమైనను మిగులలేదు. మిగిలిన కొద్ది గడియలలో అతడు ప్రభువు తట్టు తిరిగెను. ప్రభువు అతనిని త్రోసివేయలేదు. కాబట్టి ఈ యేటిలో ఇంకను మిగిలియున్న దినములు తక్కువని చెప్పి ఎవరును నిరాశపడ నవసరము లేదు.

ప్రియులారా, ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఒక సాయంకాలము దీనికొరకు ప్రత్యేకింపుడి. టెలివిజనును, చేతిలోని ఫోనును ప్రక్కకు పెట్టి ఇంటివారందరును కూర్చుండుడి. ప్రతివాడు తాను చేసిన మంచి తీర్మానమును చెప్పుటకు బదులు, ఇంటిలో మరియొకరు చేసిన మంచి తీర్మానము ఒకటి చెప్పవలెనని నియమము పెట్టుకొనుడి. నాన్న త్రాగుడు మానిన సంగతి కొడుకు చెప్పనిమ్ము. కోడలి ఓర్పును అత్తగారు చెప్పనిమ్ము. చిన్నవాడు బడిలో దొరికిన డబ్బును పంతులుగారికి అప్పగించిన సంగతి అక్క చెప్పనిమ్ము. మన కంటికి కనబడని మన మంచిని పొరుగువాని నోట దేవుడు మనకు వినిపించును. అందులో గర్వమునకు చోటు తక్కువ, కృతజ్ఞతకు చోటు ఎక్కువ. తరువాత ఎవరిమీదనైన మనము మోపిన భారము ఉన్నయెడల, దానిని దించుటకు మరుసటి దినమే బయలుదేరుడి. ఆ దినము చేయు ప్రయాణమే ఈ సంవత్సరములో మీరు చేసిన మంచి తీర్మానము కావచ్చును.

మన తలంపులను దూరమునుండియే ఎరిగిన దేవుడు, మనము విత్తినదానిని కాపాడి, మనము చెడగొట్టినదానిని బాగుచేసి, క్రొత్త సంవత్సరములో తన యెదుట నడచుటకు మనకందరికిని కృప దయచేయును గాక. ఆమేన్.